కాలువ వారసత్వంలో నీరటి వాటా

ఓరుగల్లు సీమలోని పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు, వాటి కాలువలు కాకతీయుల కీర్తికి సాక్ష్యాలని చెప్పుకుంటాం. రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. లక్నవరంలో వేలాడే వంతెన, పడవ షికారు వచ్చాయి. నెల్లికుదురు వంటి మండలాల్లోనూ చెరువుకట్టలను, పాత కాలువలను విహారస్థలాలుగా మలచాలనడం సమంజసమే. అయితే ఆ వారసత్వం ఎవరిదో ముందు తేలాలి.

కట్టకు మట్టి తవ్వి మోసినవారు వడ్డెరలు. తూము తెరిచి, కాలువ కాచి, చివరి మడిదాకా నీరు పారించినవాడు నీరటికాడు. తెలంగాణ పల్లెల్లో ఆ పని ఎక్కువగా దళితులదే. కళ్లంలో కొలిచిపెట్టే మేర గింజలే అతని ప్రతిఫలం. ఊరి పొలాలన్నీ తడిపిన వారిలో ఎందరికో గుంటెడు మాగాణి లేదు. 1997 నాటి సాగునీటి సంఘాల చట్టం కూడా ఆయకట్టులో భూమి ఉన్నవారికే ఓటు ఇచ్చింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీసింది గానీ ఈ అసమానతను కదపలేదు.

కనుక కాలువ గట్టున నాటే ఫలకంపై రాజుల పేర్ల సరసన ఈ శ్రామిక కులాల చరిత్రా ఉండాలి. పడవలు, దుకాణాలు, నిర్వహణ కొలువుల్లో నీరటి, వడ్డెర, మత్స్యకార కుటుంబాలకు తొలి హక్కు దక్కాలి. నిర్వహణ సంఘంలో భూమిలేనివారికీ ఓటుండాలి. అవి లేని సుందరీకరణ పాత పెత్తనానికి కొత్త రంగు వేయడమే అవుతుంది.