ఐర్లండు పల్లెల చిట్కా వైద్యం

ఐర్లండు ఐరోపా ఖండానికి పశ్చిమాన ఉన్న ద్వీపం. అక్కడ చలి, వాన ఎక్కువ. పూర్వం అక్కడి పల్లెల్లో వైద్యులు అరుదు. దగ్గు, జలుబు, దెబ్బలు వంటివాటికి జనం ఇంటి చిట్కాలనే నమ్ముకొనేవారు. ఆ చిట్కాలు చాలావరకు అవ్వల, తాతల నోటనే ఉండేవి.

ఆ పెద్దలతోపాటే ఆ విజ్ఞానం కూడా పోతుందని ఐరిష్ జానపద విజ్ఞాన సంఘం గ్రహించింది. దానిని సేకరించే పనిని బడిపిల్లలకు అప్పగించింది. 1937 నుండి 1939 వరకు సుమారు 5,000 పాఠశాలల్లోని 50,000 మందికి పైగా విద్యార్థులు ఇంటి పెద్దలను, ఇరుగుపొరుగు వృద్ధులను అడిగి, వారు చెప్పిన కథలు, ఆచారాలు, చిట్కాలు నోటుపుస్తకాలలో రాశారు. కొందరు ఇంగ్లీషులో, కొందరు తమ ఐరిష్ భాషలో రాశారు. ఆ పుస్తకాలు నేటికీ డబ్లిన్ నగరంలో భద్రంగా ఉన్నాయి.

ఆ చిట్కాలు ఎటువంటివి? సముద్రతీరాన రాళ్లమీద పెరిగే కారగీన్ అనే నాచును ఎండబెట్టి, పాలలో మరిగించి దగ్గుకు ఇచ్చేవారు. వెల్లుల్లిని కూడా పాలలో కాచి తాగించేవారు. నెటిల్ అనే మొక్క మన దూలగొండిలాగా ఒంటికి తగిలితే మంట పుట్టిస్తుంది. అప్పుడు డాక్ అనే మొక్క ఆకును నలిపి అక్కడ రుద్దేవారు. తెగిన గాయంమీద సాలెగూడు అద్ది రక్తం ఆపేవారు. కోరింతదగ్గు వస్తే, తెల్లగుర్రంమీద వచ్చే మనిషిని మందు అడిగి, అతడేది చెబితే అది చేసేవారు!

వీటిలో అన్నీ మంచివి కావు. సాలెగూటి దుమ్ముతో గాయం చీము పట్టవచ్చు. గుర్రపురౌతు మాటకు దగ్గు తగ్గదు. అయితే, అన్నిటినీ మూఢనమ్మకాలని తోసివేయడమూ తగదు. ఉత్తర ఐర్లండులో బోహో అనే చోట జనం పంటినొప్పికి అక్కడి మట్టిని గుడ్డలో చుట్టి తలగడకింద పెట్టుకొనేవారు. శాస్త్రజ్ఞులు ఆ మట్టిని పరీక్షించి, అందులో ఒక కొత్తరకం సూక్ష్మజీవిని కనుగొన్నట్లు 2018లో ప్రకటించారు. మందులకు లొంగని కొన్ని రోగక్రిములను అది ప్రయోగశాలలో అడ్డుకొన్నది. ఇంకా అది మందు కాలేదు. తలగడకింద మట్టితో నొప్పి తగ్గుతుందని కూడా దీనివల్ల రుజువు కాలేదు. కాని, ఆ నమ్మకాన్ని జనం గుర్తుంచుకోకపోతే ఆ మట్టిని పరీక్షించాలన్న ఆలోచనే వచ్చేది కాదు.

మీ ఇంట్లో అవ్వకూ ఇటువంటి చిట్కాలు తెలిసి ఉంటాయి. ఆమెను అడిగి, ఆమె పలికిన తెలుగు మాటల్లోనే రాసి ఉంచండి. జబ్బు చేసినప్పుడు మాత్రం వైద్యుని దగ్గరకే వెళ్లండి.