పెద్ద టైర్లు సరే... మరి యాక్సిల్ గేర్లు?

కొండదారుల్లో, బురదలో నడిపే ఫోర్ వీల్ డ్రైవ్ జీపులకు పెద్ద టైర్లు వేయించాలన్న మోజు మన దేశంలోనూ ఉంది. బండి నేల నుంచి ఎత్తుగా ఉంటుంది, నిజమే. కానీ అదే ఇంజిన్ ఇంకా పెద్ద చక్రాన్ని తిప్పాలి. దాంతో ఘాట్ రోడ్డులో బండి లాగదు, క్లచ్ త్వరగా అరుగుతుంది.

దీనికి విరుగుడు యాక్సిల్‌లోని క్రౌన్, పినియన్ గేర్లలో ఉంది. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 10 ఉంటే నిష్పత్తి 4.10. ప్రొపెల్లర్ షాఫ్ట్ 4.1 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది.

లెక్క సులువే. కొత్త టైరు ఎత్తును పాతదాని ఎత్తుతో భాగించి, పాత నిష్పత్తితో గుణించాలి. 30 అంగుళాల టైర్లు తీసి 33 వేస్తే 4.10 బదులు 4.51 కావాలి. 41కి 9 పళ్ల జత 4.56 ఇస్తుంది, అది సరిపోతుంది. ఇంకా పెంచితే కొండ ఎక్కడం తేలికే కానీ, హైవేపై ఇంజిన్ ఎక్కువ తిరిగి డీజిల్ తాగుతుంది. పినియన్ చిన్నదై బలమూ తగ్గుతుంది.

ముందు, వెనక యాక్సిళ్లు రెండింటికీ ఒకే నిష్పత్తి ఉండాలి. లేదంటే ఫోర్ వీల్‌లో వేసినప్పుడు గేర్లు దెబ్బతింటాయి. చక్రాల సెన్సర్లతో వేగం లెక్కించే బండ్లలో గేర్లు మార్చినా స్పీడోమీటర్ సరికాదు. అది 80 చూపితే అసలు వేగం 88.

అన్నిటికన్నా ముందు చట్టం చూడాలి. కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం స్పష్టం చేసింది. కాబట్టి మెకానిక్ కంటే ముందు ఆర్టీఓను, బీమా కంపెనీని అడగాలి.