వార్తల్లో పదం: పాలిమరైజేషన్

చిన్న చిన్న అణువులు దండలో పూసల్లా వరసగా కలిసి పొడవాటి గొలుసులుగా మారే రసాయన చర్యే పాలిమరైజేషన్. విడి అణువు మోనోమర్, గొలుసు పాలిమర్. ఇథిలీన్ నుంచి పాలిథీన్, వినైల్ క్లోరైడ్ నుంచి పీవీసీ, స్టైరీన్ నుంచి థర్మోకోల్ తయారయ్యేది ఇలాగే.

ఈ చర్యలో వేడి పుడుతుంది. ఆ వేడి చర్యను మరింత వేగవంతం చేస్తుంది. అందుకే స్టైరీన్‌ను చల్లగా ఉంచి, గొలుసు కట్టకుండా ఆపే నిరోధక రసాయనం కలిపి నిల్వ చేస్తారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్‌లో ఈ చర్య అదుపు తప్పింది. లాక్‌డౌన్‌లో కదలకుండా ఉన్న ట్యాంకు వేడెక్కి, స్టైరీన్ ఆవిరి చుట్టుపక్కల ఊళ్లను కమ్మేసింది. 12 మంది ప్రాణాలు పోయాయి.

ఫ్యాక్టరీ ఆగినా ట్యాంకులో రసాయన చర్య ఆగదు. దాని మీద నిఘా ఒక్క రోజు కూడా ఆగకూడదు.