పాత ట్రైలర్ ఫ్రేమ్ మీద చిన్న క్యాంపర్: చెక్క కొనకముందే చూసుకోవాల్సినవి

కిందటి ఎపిసోడ్ తర్వాత ఎక్కువమంది అడిగింది ఒకటే. "అన్నా, మా ఊళ్లో పాత పాప్‌అప్ క్యాంపర్ చవగ్గా ఇస్తున్నారు. పైన గుడ్డంతా చిరిగిపోయింది, కింద ఫ్రేమ్ మాత్రం గట్టిగా ఉందంటున్నారు. తీసుకుని దాని మీద చిన్నది కట్టుకోవచ్చా?" కట్టుకోవచ్చు. టెక్సాస్‌లో నేను కట్టుకున్నది కూడా అలాంటి ఫ్రేమ్ మీదే. కాకపోతే వీడియోల్లో అందరూ చూపించేది చెక్క కోయడం, రంగులు, లోపల లైట్ల దండలు. హైవే మీద మన ప్రాణాలు ఆధారపడేది మాత్రం ఆ చెక్క కింద ఉన్న ఇనుము మీద. అందుకే ఇవాళ ఎక్కువసేపు కిందే ఉంటాం.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. మనం మాట్లాడేది టియర్‌డ్రాప్ లాంటి క్యాంపర్ గురించి. కన్నీటి బొట్టు ఆకారం, లోపల ఇద్దరు పడుకునేంత చోటు, వెనక మూత ఎత్తితే చిన్న వంటగట్టు. అమెరికాలో 1930ల నుంచీ జనం ఇళ్ల దగ్గరే కట్టుకుంటున్నారు. ప్లైవుడ్ పలక 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు వస్తుంది కాబట్టి ఈ పెట్టెలు కూడా ఎక్కువగా ఆ కొలతల చుట్టూనే తిరుగుతాయి.

డబ్బులిచ్చే ముందు కాగితాలు. ఫ్రేమ్ మీద విన్ నంబరు ఉందా, అది టైటిల్ కాగితం మీద ఉన్న నంబరేనా అని టార్చ్ వేసి మరీ చూడండి. "టైటిల్ పోయిందండీ, మీరే తెచ్చుకోండి" అన్నారంటే, అది దొంగ బండి కాదని తేల్చుకునే పని మీ నెత్తిన పడినట్టే. ఇంట్లో కట్టిన ట్రైలర్‌కి తనిఖీ చేసి కొత్త నంబరు ఇచ్చే పద్ధతి చాలా రాష్ట్రాల్లో ఉంది, కానీ రూల్స్ ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. ముందు మీ రాష్ట్రం ఆఫీసులో అడిగి, ఆ తర్వాతే బేరం ఆడండి.

ఇక ఇనుము. పైపైన ఎర్రగా తుప్పు ఉంటే భయం లేదు, వైర్ బ్రష్‌తో గీకి రంగు వేస్తే సరిపోతుంది. పొరలు పొరలుగా ఊడుతుంటేనే ఆలోచించాలి. చిన్న సుత్తి తీసుకుని ఫ్రేమ్ అంతా కొట్టుకుంటూ వెళ్లండి. మంచి ఇనుము టంగుమని మోగుతుంది, తినేసింది మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. ముఖ్యంగా రెండు చోట్లు. స్ప్రింగులు ఫ్రేమ్‌కి తగులుకునే బ్రాకెట్ల దగ్గర, ముందుకొచ్చే పొడుగాటి టంగ్ మొదటి అడ్డకమ్మీని కలిసే దగ్గర. వెంట్రుకంత పగులు కనిపించినా అది రంగు పగులు కాదనే అనుకోండి. దాన్ని అతికించడం అనుభవమున్న వెల్డర్ పని. వెల్డింగ్ నేర్చుకోవాలని ఉంటే ఇంటి గేటు మీద నేర్చుకోండి, దీని మీద వద్దు.

పాప్‌అప్ ఫ్రేముల్లో ఇంకో సంగతి. కొన్నిటిలో ఫ్రేమ్ చాలా పల్చగా ఉంటుంది, పైనున్న నేల, పెట్టె కలిస్తేనే దానికి బిగువు. పైదంతా పీకేశాక ఒక మూల పట్టుకుని ఎత్తి చూడండి. చాపలా మెలిక తిరుగుతుంటే అడ్డంగా ఇంకో రెండు కమ్మీలు వేయించాల్సిందే.

చక్రాలు ఊడదీసి బేరింగులు తప్పకుండా చూడాలి. మన తాతలు ఎడ్లబండి కదిలించే ముందు ఇరుసుకి కందెన పెట్టుకునేవాళ్లు కదా, ఇదీ అదే పని. పాత గ్రీజంతా తుడిచేసి, బేరింగు నీలంగా మాడినా, గుంటలు పడినా పారేసి కొత్తది వేసి, గ్రీజు పట్టించి, వెనక సీల్ కొత్తది పెట్టాలి. టైర్లకైతే గాడి లోతు చూసి మురిసిపోకండి. పక్కన డీఓటీ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ట్రైలర్ టైర్లు తిరగడం కంటే ఎండలో నిలబడి పాడవడమే ఎక్కువ. ఐదారేళ్లు దాటితే కొత్తగా కనిపిస్తున్నా మార్చేయడమే.

ఇప్పుడు అసలు విషయం, బరువు. వెనక బండి పాములా అటూ ఇటూ ఊగి, కారుని కూడా తిప్పి పడేసిన వీడియోలు మీ ఫోన్‌లో చూసే ఉంటారు. డ్రైవరుకి చేతకాలేదని కింద తిడుతుంటారు గానీ, చాలాసార్లు ఆ కథ ఇంటి దగ్గర సామాను సర్దేటప్పుడే మొదలై ఉంటుంది. మళ్లీ ఎడ్లబండే గుర్తు తెచ్చుకోండి. బస్తాలన్నీ వెనక్కి వేస్తే నొగ పైకి లేస్తుంది, కాడి ఎడ్ల గొంతు పట్టేస్తుంది. అన్నీ ముందుకి వేస్తే మెడలు వంగిపోతాయి. ట్రైలర్‌లో కాడి ఉండాల్సిన చోట కారు హిచ్ ఉంది, అంతే తేడా. హిచ్ మీద పడే బరువు మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంతకంటే తగ్గితే స్పీడులో ఊగడం మొదలవుతుంది.

లెక్క చేసి చూపిస్తా. మీ క్యాంపర్ 1200 పౌండ్లు, హిచ్ మీద 140. అంటే 11 శాతం పైమాటే, బాగుంది. ఇరుసు నుంచి హిచ్ దాకా 10 అడుగులు అనుకుందాం. ఇప్పుడు బయల్దేరేముందు ఐసు, కూల్‌డ్రింకులు నింపిన 60 పౌండ్ల కూలర్‌ని వెనక వంటగట్టులో, ఇరుసుకి 5 అడుగుల వెనక పెట్టారు. హిచ్ మీద 30 పౌండ్లు తగ్గిపోతాయి. మొత్తం 1260, హిచ్ మీద 110. తొమ్మిది శాతం కూడా లేదు! అదే కూలర్‌ని ఇరుసుకి 5 అడుగుల ముందు పెడితే 170, అంటే 13 శాతం పైన. ఒక్క డబ్బా చోటు మారితే ఇంత తేడా. టియర్‌డ్రాప్‌లో వంటగది వెనకే ఉంటుంది కాబట్టి, ఈ చిక్కు పుట్టుకతోనే ఉంది. అందుకే ఇరుసుని పెట్టెకి సరిగ్గా మధ్యలో కాకుండా, ముందు నుంచి దాదాపు 60 శాతం దూరంలో ఉంచుతారు. పాత ఫ్రేమ్‌లో ఇరుసు ఎక్కడుందో అక్కడే ఉంటుంది కదా, కాబట్టి మనం పెట్టెని ముందుకి జరుపుకోవాలి, బ్యాటరీ, నీళ్ల డబ్బాలు టంగ్ వైపు పెట్టుకోవాలి.

దీన్ని కొలవడానికి పెద్ద మెషిన్లేం అక్కర్లేదు. సామానంతా సర్దాక, బండి సమతలంగా ఉన్నప్పుడు, హిచ్ పట్టే కప్లర్ కింద ఓ దుంగ నిలబెట్టి, దుంగ కింద బాత్రూమ్ స్కేలు పెట్టండి. చక్రాలు కదలకుండా అడ్డు పెట్టడం మర్చిపోకండి. మొత్తం బరువుకైతే ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీదకి ఎక్కించండి, కొద్ది డాలర్లతో చీటీ చేతికొస్తుంది.

కారు సంగతి కూడా చూసుకోవాలి. "మాది ఎస్‌యూవీ, లాగేస్తుంది" అంటే కుదరదు. ఒకే పేరున్న టొయోటా రావ్4లోనే 1500 పౌండ్లు లాగే మోడలుంది, 3500 లాగేదీ ఉంది. ఓనర్స్ మాన్యువల్ తెరిచి మీ మోడల్ అంకె చూడండి. బ్రేకులైతే చాలా రాష్ట్రాల్లో ట్రైలర్ మొత్తం బరువు 3000 పౌండ్లు దాటితే ఉండాలి, కాలిఫోర్నియాలో 1500కే కావాలి.

హిచ్ బంతి సైజు గురించి గట్టిగా చెబుతున్నా. కప్లర్ మీద 2 అంగుళాలని ఉంటే బంతి కూడా 2 అంగుళాలే ఉండాలి. ఒకటీ ఏడు బై ఎనిమిది అంగుళాల బంతి మీద కూడా అది కూర్చుంటుంది, లాక్ కూడా పడుతుంది. ఓ పెద్ద గతుకు రాగానే ఎగిరి ఊడిపోతుంది. లాక్ వేశాక జాకీతో టంగ్‌ని కొంచెం పైకి ఎత్తండి, కారు వెనక భాగం కూడా లేవాలి. గొలుసులు రెండూ కింద ఇంటూ గుర్తులా అడ్డంగా తగిలించండి. కప్లర్ ఊడినా టంగ్ రోడ్డుకి గుచ్చుకోకుండా ఉయ్యాలలో పడ్డట్టు ఆగుతుంది.

అన్నీ చేశాక కూడా ఊగితే? సడన్ బ్రేకు వద్దు. స్టీరింగు అటూ ఇటూ తిప్పి సరిచేద్దామనుకోవద్దు. నేరుగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీయండి. ట్రైలర్‌కి ఎలక్ట్రిక్ బ్రేకులుండి, కారులో చేత్తో నొక్కే మీట ఉంటే అదొక్కటే నొక్కండి. తర్వాత పక్కకి ఆపి సామాను ముందుకి సర్దండి.

పెట్టె కట్టడం తేలికే, త్వరగా చెప్పేస్తా. ముప్పావు అంగుళం ప్లైవుడ్ పలక ఒక్కటే 60-70 పౌండ్లు తూగుతుంది, అర అంగుళంది సుమారు 40. "గట్టిగా ఉంటుంది కదా" అని అంతా మందందే వాడితే బరువు పెరిగిపోతుంది. పక్క గోడలకి మందంది, పైకప్పుకి పల్చటిది, మధ్యలో ఫోమ్ షీటు. వాన నీళ్లు పైనుంచే వస్తాయనుకుంటాం, కానీ చక్రాలు చిమ్మేది కింద నుంచి. నేల పలక అడుగుభాగానికి, అంచులకి, బోల్టు రంధ్రాల లోపలికి కూడా బిగించే ముందే రంగు పట్టించండి. ఇంకోటి, క్వీన్ పరుపు 60 అంగుళాలు. బయట 5 అడుగుల వెడల్పు పెడితే గోడల మందం పోయి లోపల అది సాఫీగా పట్టదు.

వైర్లు నాలుగే. తెలుపు గ్రౌండు, గోధుమరంగు వెనక లైట్లు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. తుప్పు ఫ్రేమ్‌ని నమ్మి గ్రౌండు దానికి కలిపేయకుండా, తెల్ల వైరుని ప్రతి లైటు దాకా లాగండి. ఇండికేటర్ వేస్తే ఇంకో లైటు మినుకుమంటోందంటే దాదాపు ఎప్పుడూ గ్రౌండే కారణం.

చివరగా గాలి. ఇంత చిన్న డబ్బాలో ఇద్దరు తలుపులు మూసుకుని పడుకుంటే తెల్లారేసరికి గోడలు చెమ్మతో కారుతుంటాయి, కాబట్టి పైన ఒక వెంటు, కింద ఒకటి ఉండాలి. చలిగా ఉందని గ్యాస్ స్టవ్ గానీ, బొగ్గుల కుంపటి గానీ లోపలికి తేకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దానికి అలారం దొరుకుతుంది, పరుపుకి దగ్గర్లో పెట్టండి. తలుపులు రెండు వైపులా పెట్టండి. ఒక పక్క మంటలొస్తే ఇంకో పక్క నుంచి బయటపడాలి కదా.

బ్యాటరీ, సోలార్ ప్యానెల్ గురించి వచ్చే ఎపిసోడ్‌లో లెక్కలతో సహా చెబుతా. ఈలోపు ఎవరైనా ఫ్రేమ్ చూడ్డానికి వెళ్తుంటే సుత్తి, టార్చ్ జేబులో వేసుకుని వెళ్లండి.