ఈతతొట్టిలో నీరు తేటపరచుట ఎట్లు?

ఇటీవలి కాలమున బెంగుళూరు, హోసూరు ప్రాంతములలో స్థిరపడిన మనవారిలో కొందరు పిల్లల కొరకు ఇంటి పెరటిలోనే చిన్న ఈతతొట్టి కట్టించుకొనుచున్నారు. ఈత మేలైన వ్యాయామమే. కాని క్రొత్త తొట్టిలో నీరు నింపిన కొలది దినములకే అది బియ్యపు కడుగువలె తెల్లబారుట కలదు. దానికి కారణములను, నివారణోపాయములను తలిదండ్రుల ఉపయోగార్థము ఇచట వివరించెదము.

ముందుగా ఒక హెచ్చరిక. మబ్బునీటిలో మునిగిన బిడ్డ గట్టుమీద నున్నవారి కంటికి కానరాదు. కావున తొట్టి అడుగు స్పష్టముగా కనబడని దినమున పిల్లలను అందులో దింపరాదు. నీటి తేటదనము అందము కొరకు మాత్రమే కాదు, ప్రాణరక్షణ కొరకు.

నీరు మబ్బుపట్టుటకు కారణములు ముఖ్యముగా మూడు. మొదటిది, కట్టడము నాటి సన్నని మట్టి, సిమెంటు ధూళి. రెండవది, సున్నము. గొట్టపుబావుల నీరు తరచుగా కఠినజలము. క్రొత్త సిమెంటు పూత కొన్ని వారములపాటు నీటికి క్షారగుణము నిచ్చును. అప్పుడు నీటిలో కరిగియున్న సున్నము విడివడి తెల్లని పొడియై తేలియాడును. మూడవది, క్లోరీను చాలక పెరుగు పాచి, సూక్ష్మజీవులు.

ఏది కారణమో తెలిసికొనుట సులభము. ఒక గాజుగ్లాసులో ఆ నీరు పట్టి కొన్ని చుక్కల వినిగరు వేసి కలుపుడు. నీరు తేటపడినచో అది సున్నము. వేరొక గ్లాసును ఒక రాత్రి కదలింపక ఉంచుడు. అడుగున మడ్డి నిలిచినచో అది మట్టియని ఊహింపవచ్చును. పచ్చని ఛాయ కనబడినచో పాచి యని గ్రహింపవలెను.

చికిత్సకు ఒక క్రమము కలదు. మొదట క్షారగుణమును సరిచేయవలెను. దానిని పీహెచ్ అను అంకెతో కొలుతురు. పరీక్షాపత్రములు బజారున దొరకును. ఆ అంకె 7.2 నుండి 7.8 వరకు ఉండుట మంచిది. హెచ్చినచో తొట్టిమందులు అమ్మువారి వద్ద లభించు ఆమ్లమును, డబ్బాపై వ్రాసిన మోతాదున కొంచెము కొంచెముగా కలుపవలెను. ఈ పని ముందు చేయుటకు హేతువు కలదు: పీహెచ్ 7.5 ఉన్నప్పుడు క్లోరీనులో సుమారు సగము చురుకుగా పనిచేయును. అది 8.5 అయినచో పదియవ వంతు మాత్రమే పనిచేయును.

తరువాత క్లోరీను. తొట్టి పొడవు 5 మీటర్లు, వెడల్పు 3, లోతు 1.2 మీటర్లు అనుకొందము. హెచ్చించినచో 18 ఘనమీటర్లు, అనగా 18,000 లీటర్లు. పాచిని చంపుటకు లీటరునకు 10 మిల్లీగ్రాముల వంతున 180 గ్రాముల క్లోరీను కావలెను. మంచి బ్లీచింగ్ పౌడరులో క్లోరీను నూటికి 30 పాళ్లు. కావున 600 గ్రాముల పొడి పట్టును. కాని ఆ పొడిలోనే సున్నము కలదు. అట్లే చల్లినచో మబ్బు హెచ్చును. బకెట్టు నీటిలో కలిపి, మడ్డి దిగిన పిమ్మట పైతేటను మాత్రమే సాయంకాలమున తొట్టిలో పోయవలెను.

మట్టి ఇంకను మిగిలినచో పటిక వాడవలెను. మన పెద్దలు ఏటినీటి కుండలో చిల్లగింజను అరగదీసెడివారు. పటిక చేయు పనియు అట్టిదే. మట్టిరేణువులు ఒకే విధమైన విద్యుదావేశము కలిగి ఒకదాని నొకటి త్రోసికొనుచుండును. పటిక ఆ ఆవేశమును అణచగా రేణువులు గుమికూడి బరువై క్రిందికి దిగును. ఘనమీటరునకు 30 నుండి 50 గ్రాములు చాలును. పంపు ఆపి రాత్రి యంతయు కదలింపక, ప్రొద్దున అడుగుమడ్డిని గొట్టముతో వెలుపలికి లాగివేయవలెను. దానిని వడపోత యంత్రములోనికి పంపినచో ఇసుక పూడిపోవును. పటిక వలన పీహెచ్ తగ్గును గనుక మరల పరీక్షింపవలెను. మిగిలిన దినములలో యంత్రమును 8 గంటలకు తక్కువ కాకుండ నడిపి, ఒత్తిడిముల్లు పెరిగినప్పుడు ఇసుకను ఎదురునీటితో కడుగవలెను.

కొన్ని జాగ్రత్తలు మరువరానివి. మందును నీటిలో వేయవలెనే గాని మందుపై నీరు పోయరాదు. ఆమ్లమును, బ్లీచింగ్ పౌడరును ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును. ఒకే అలమరలో ఉంచుటయు తగదు. వీనిని పిల్లలకు అందనిచోట తాళము వేసి ఉంచవలెను.

తేటనీరెల్ల శుద్ధమైన నీరు కాదు. రోగక్రిములు కంటికి కనబడవు. కావున నీరు తేటపడిన పిదప కూడ లీటరునకు 1 నుండి 3 మిల్లీగ్రాముల క్లోరీను ఉన్నదని పరీక్షించిన పిమ్మటనే పిల్లలను దింపవలెను. వారు నీట ఉన్నంతసేపు పెద్దవారొకరు గట్టున కనిపెట్టి యుండవలెను. పై లెక్కలను మీ పిల్లలచేతనే చేయింపుడు. ఘనపరిమాణము, నిష్పత్తి అను పాఠములు ఇంటిలో ఎట్లు అక్కరకు వచ్చునో వారికి బోధపడును.