టవరు లేని కబురు

2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని కుదిపేసిన రోజు. కరెంటు పోయింది, ఆ వెంటే సెల్‌ఫోన్లూ మూగబోయాయి. గాజువాకలో ఉన్నవాళ్లు ఎంవీపీ కాలనీలోని అయినవాళ్ల క్షేమం తెలుసుకోవాలంటే మనిషే వెళ్లాలి. దారి నిండా కూలిన చెట్లు!

ఇలాంటప్పుడు హ్యామ్ (అమెచ్యూర్) రేడియో విలువ తెలిసొస్తుంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చేనాటికి హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ అండమాన్‌లోనే ఉన్నారు. ఫోన్లు పనిచేయని ఆ రోజుల్లో ఆమె బృందం రేడియో మీదే కబుర్లు చేరవేసింది. అయితే హ్యామ్ కావాలంటే పరీక్ష రాయాలి, లైసెన్సు తెచ్చుకోవాలి. అంత ఓపిక లేనివాళ్లకిప్పుడు ఇంకో దారి ఉంది. దాని పేరు మెష్‌టాస్టిక్. ఫోను సిగ్నల్ అందని కొండల్లో తిరిగేవాళ్ల కోసం కెవిన్ హెస్టర్ అనే ప్రోగ్రామర్ 2020లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. చిన్న రేడియో బోర్డుల మీదుగా సందేశాలు పంపుతుంది.

దీనికి ప్రాణం ‘లోరా’ అనే రేడియో పద్ధతి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో సైక్లియో అనే చిన్న కంపెనీ దాన్ని రూపొందిస్తే, 2012లో అమెరికా సంస్థ సెమ్‌టెక్ ఆ కంపెనీని కొనుక్కుంది. లోరా సంకేతం ఒకే స్థాయిలో నిలబడదు. సన్నాయి గమకంలా కింది నుంచి పైకి జారుతుంది. ఆ జారుడు తీరును రిసీవరు గుర్తుపడుతుంది కాబట్టి, చుట్టూ ఉన్న రొదకన్నా బలహీనమైన సంకేతాన్నీ ఏరుకోగలదు. అందుకు చెల్లించే మూల్యం వేగం: సెకనుకు దాదాపు ఒక కిలోబిట్. మాటలూ ఫొటోలూ కుదరవు, చిన్న చిన్న సందేశాలే.

మొదలుపెట్టడానికి హెల్టెక్ వీ3 లాంటి బోర్డు చాలు, ధర 20 డాలర్ల చుట్టుపక్కల. కానీ ఒక్కటే కొంటే అది బొమ్మ! కనీసం రెండుండాలి. ముందు యాంటెన్నా బిగించి, ఆ తర్వాతే కరెంటివ్వాలి. లేకపోతే రేడియో చిప్ పాడయ్యే ప్రమాదముంది. కంప్యూటరు బ్రౌజరు నుంచే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, బ్లూటూత్‌తో ఫోనుకు కలిపి, ప్రాంతం దగ్గర ఇండియా అని ఎంచుకోవాలి. మన దేశంలో 865-867 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి పరికరాలకు 2005లోనే లైసెన్సు మినహాయింపు ఇచ్చారు. ప్రసార శక్తికి హద్దులున్నాయి, పరికరానికి ఆమోదమూ ఉండాలి. కాబట్టి 433 మెగాహెర్ట్జ్ బోర్డు చవగ్గా దొరికిందని కొనేయకూడదు.

సందేశం విన్న ప్రతి బోర్డూ దాన్ని తిరిగి పలకడానికి సిద్ధపడుతుంది. దూరాన ఉండి బలహీనంగా విన్నదానికే ముందు అవకాశం. అది పలకడం వింటే మిగతావి సాధారణంగా ఊరుకుంటాయి. ఇలా మూడు మజిలీల వరకూ వెళ్లేలా మొదట అమర్చి ఉంటుంది, గరిష్ఠం ఏడు.

దూరమెంత అన్నదే అందరూ అడిగే ప్రశ్న. నేల మీది రెండు రేడియోల మధ్య 331 కిలోమీటర్ల రికార్డు ఉంది. దాన్ని నమ్ముకుని అపార్టుమెంటు హాల్లో బోర్డు పెడితే నాలుగు వీధులు దాటడమే గొప్ప. ఇక్కడ ఖరీదు కన్నా ఎత్తు ముఖ్యం. విశాఖకు కైలాసగిరి లాంటి కొండలున్నాయి. అనుమతి తీసుకుని సోలార్ ప్యానెల్‌తో ఒక్క బోర్డు అక్కడ పెడితే, లోయలో పదింటికన్నా మేలు. అలాగని ఇంట్లో బోర్డును కూడా, మిగతావి పలికినా ఊరుకోని ‘రౌటర్’గా మార్చే ఉత్సాహం వద్దు. అవసరం లేని రౌటర్లు గాలిని రద్దీ చేసి, ఉన్న నెట్‌వర్క్‌నే దెబ్బతీస్తాయి. బోర్డులు పెరిగాక, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా వాళ్లు మామూలు అమరికను వదిలి వేగమైనదానికి మారాల్సి వచ్చింది.

గోప్యత విషయంలో ఒక జాగ్రత్త. మొదట వచ్చే ఛానెల్ తాళంచెవి అందరి దగ్గరా ఉన్నదే, ఎవరైనా చదివేయొచ్చు. ఇంటివాళ్ల కోసం వేరే ఛానెల్ పెట్టుకుని, క్యూఆర్ కోడ్‌తో పంచుకోవాలి.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కు. ఒక్కో సందేశానికి సుమారు 200 బైట్లే చోటు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. మన అక్షరానికి మూడు, దాని గుణింతానికి మరో మూడు. ‘మేం క్షేమం, నీళ్లు తగ్గాయి’ వరకూ ఇబ్బంది లేదు. బంధువులందరి యోగక్షేమాలూ ఒకేసారి అడగాలంటే మాత్రం రెండు మూడు ముక్కలుగా పంపాల్సిందే.