మీకు తెలుసా? ఇంగ్లిష్‌కు తలలో కొక్కెం, తెలుగుకు తోకలో!

● ఒక్క అక్షరమే వాక్యం
కందుకూరులో కదులుతున్న బస్సు మెట్టు మీది నుంచి ఎవరైనా "రా!" అని కేకేస్తే, వ్యాకరణం లెక్కన అది నిండు వాక్యమే. 'నువ్వు' అనే కర్త పైకి కనబడకున్నా వినేవాడికి తెలుసు. ఇంగ్లిష్‌లో "గో!" కూడా అంతే, అక్కడ 'యూ' లోపలే దాగి ఉంటుంది. ఇంతవరకు రెండు భాషలకూ పొత్తు కుదిరింది. పేచీ ఆ తర్వాతే మొదలవుతుంది.

● క్రియ లేకున్నా నడుస్తుంది
"మా ఊరు కందుకూరు." ఇందులో క్రియ ఎక్కడుంది? లేదు, అవసరమూ లేదు. ఇంగ్లిష్ మాత్రం ఒప్పుకోదు. ఊరికీ పేరుకూ మధ్య 'ఈజ్' పడితేనే అది వాక్యం. బడి పిల్లలు ఆ 'ఈజ్' మరిచిపోయేది తెలివి తక్కువై కాదు, తెలుగు తలలో ఉండి.

● అయిదు పనులు, ఒక్క సమాపక క్రియ
"మామయ్య శంషాబాద్‌లో విమానం దిగి, సామాను తీసుకుని, తుక్కుగూడ మీదుగా కందుకూరు చేరి, అన్నం తిని పడుకున్నాడు." చేసినవి అయిదు పనులు. వాక్యాన్ని ముగించే సమాపక క్రియ మాత్రం 'పడుకున్నాడు' ఒక్కటే. మిగతా నాలుగూ అసమాపకాలు కాబట్టి మన పాఠ్యపుస్తకం దీన్ని సంక్లిష్ట వాక్యం అంటుంది. ఇంగ్లిష్‌లో కాంప్లెక్స్ వాక్యం అనిపించుకోవాలంటే అసమాపకాలు చాలవు. ప్రధాన వాక్యం పక్కన దాని మీద ఆధారపడ్డ క్లాజ్, అంటే ఉపవాక్యం, ఉండాలి. ఆ ఉపవాక్యానికి సాధారణంగా తనదైన కర్త, కాలం తెలిపే క్రియ ఉంటాయి. అందుకే ఇంగ్లిష్ వాక్యాన్ని విడదీయాలంటే ముందు కాలం చెప్పే క్రియలను లెక్కపెట్టండి.

● కొక్కెం ఎక్కడ?
"వాన పడితే" అని ఆగితే వినేవాడు "పడితే?" అంటాడు. ఆ 'తే' తోకకున్న కొక్కెం, ఇంకో మాటను తగిలించుకోనిదే ఊరుకోదు. ఇంగ్లిష్‌లో కొక్కెం తలకు ఉంటుంది: ఇఫ్, వెన్, బికాజ్. ఇంకో చిత్రం: రేపటి వాన గురించైనా 'ఇఫ్' తర్వాత 'రెయిన్స్' అనాలి, 'విల్ రెయిన్' అనకూడదు. మన 'పడితే'లో అసలు కాలమే లేదు కదా!

● 'బికాజ్' దగ్గర బోల్తా
"ఎందుకంటే బస్సు ఆలస్యమైంది." తెలుగులో ఇది విడిగా నిలబడే వాక్యమే. 'ఎందుకు అంటే' అని ప్రశ్న మనమే వేసుకుని జవాబు మనమే చెప్పుకుంటున్నాం. అదే అలవాటుతో "బికాజ్ ద బస్ వాజ్ లేట్" అని రాసి ఫుల్‌స్టాప్ పెడితే ఎర్రసిరా గీత పడుతుంది. ప్రధాన వాక్యం లేకుండా తలకొక్కెం గాలిలో వేలాడుతోందని పంతులుగారి అభ్యంతరం.

● కామా చెప్పే గుట్టు
కందుకూర్లు ఒకటి కంటే ఎక్కువే. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటుంది, రంగారెడ్డి జిల్లాలో శ్రీశైలం రోడ్డు మీద ఇంకొకటుంది. "ద కందుకూర్ దట్ ఈజ్ నియర్ శంషాబాద్" అన్నప్పుడు కామా పెట్టరు, ఏ కందుకూరో తేల్చేది ఆ ఉపవాక్యమే మరి. "శంషాబాద్ ఎయిర్‌పోర్ట్, విచ్ ఓపెన్డ్ ఇన్ 2008," అన్నప్పుడు మాత్రం కామాలు తప్పనిసరి, అది కొసరు సమాచారం కాబట్టి. తెలుగులో ఆ బెడద లేదు. "2008లో తెరిచిన ఎయిర్‌పోర్టు" అంటూ ఉపవాక్యాన్ని నామవాచకం ముందే కూర్చోబెడతాం.

● వాక్యానికి దక్కని పరిచ్ఛేదం
1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణంలో పది పరిచ్ఛేదాలున్నాయి. సంధికి, సమాసానికి, క్రియకు చోటు దక్కింది. వాక్యానికి విడిగా ఒక్కటీ లేదు! భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ 1957లో ఇంగ్లిష్ వాక్యాన్ని విప్పిచూపిన పద్ధతిని అందిపుచ్చుకుని, చేకూరి రామారావు 'తెలుగు వాక్యం' రాసింది 1975లో.

● చివరగా మీకో లెక్క
"వానొస్తే ఫ్లైటు లేటవుతుందని ఫోనొచ్చింది." ఇంగ్లిష్‌లోకి మారిస్తే ఎన్ని క్లాజులు? వాన ఒకటి, ఫ్లైటు ఒకటి, ఫోను ఒకటి. మొత్తం మూడు. ఆ మూడింటినీ మనం 'తే', 'అని' అనే రెండు కొక్కేలతో ఒకే దండెం మీద ఆరేశాం!